ఒకే ఫోన్ నంబరు

హీనా రాసిన కోడ్‌లో తప్పు లేదు. అయినా పోర్టు గేటు దగ్గర లారీలు బారులు తీరి ఆగిపోయాయి. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఆ పిల్ల బుర్రకి ఎంతకీ ఎక్కడం లేదు.

చదివింది కామర్సు. వెబ్‌సైట్లు తయారుచెయ్యడం మాత్రం వీడియోలు చూసి తనకు తానే నేర్చుకుంది. లారీల గేటు పాసుల సైటు నడిపే ఈ చిన్న ఆఫీసులో ట్రయల్ మీద చేరి నెలయింది. ఉంచుతారో, పంపేస్తారో ఈ శనివారం, అంటే ఇవాళే తేలాలి. తేల్చాల్సింది ఆశాజ్యోతి మేడమ్.

మేడమ్ అప్పజెప్పిన పని చిన్నదే. కొన్ని లారీలకు రెండేసి పాసులొస్తున్నాయి, ఆపాలి. హీనా పాత కోడ్ తెరిచింది. అంతా అతుకుల బొంత. ఏ వరస ఎందుకుందో రాసిన మహానుభావుడు ఒక్క ముక్క చెప్పి చావలేదు. అది చదువుతూ ఎవరు కూర్చుంటారు? మొత్తం తీసి అవతల పారేసి కొత్తగా రాసింది. ఒక ఫోన్ నంబరుకి పూటకి ఒకటే పాసు. చూసుకుంటే ముచ్చటేసింది. మేడమ్‌కి చూపించకుండానే నిన్న సాయంత్రం సైటులో పెట్టేసింది.

పొద్దున్నే ఫోన్లు, తిట్లు. మేడమ్ వస్తూనే పాత కోడ్ తిరిగి పెట్టింది. లారీలు కదిలాయి.

"ఏటి సేసేవమ్మా?"

"రెండు పాసులు రాకుండా సేసేను మేడమ్. నా కోడ్ కరెక్టే..."

"ఒకే ఫోన్ మీద ఎన్ని పాసులైనా ఇమ్మని పాతదాంట్లో ఒక వరసుంది. ఎందుకుందో కనుక్కున్నావా? నెల్లాళ్ల నుంచి సూత్తన్నాను, నన్ను ఒక్కటీ అడగలేదు నువ్వు."

అడగడమంటే రాదని ఒప్పుకోవడం కాదూ? ఒంటరిగా నేర్చుకున్నన్నాళ్లూ అడగడానికి మనిషెక్కడ దొరికాడు? అడిగితే ఏమీ రాదనుకుంటారని పళ్లబిగువున నెల లాగింది. తీరా అడగనందుకే ఉద్యోగం పోయేలా ఉంది. ఇదెక్కడి న్యాయం! ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి.

"అయితే ఇప్పుడడుగుతన్నాను. ఆ వరస ఎందుకు రాసేరు?"

మేడమ్ తెరకేసి చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"నాను రాసిందే. ఎందుకు రాసేనో నాకూ గుర్తు లేదే!"

హీనా తెల్లబోయింది. మేడమ్ ఫోన్ ఆమె చేతిలో పెట్టింది. "పొద్దున్న అందరికన్నా గట్టిగా తిట్టిన డ్రైవరు త్రినాథరావు. అతన్నే అడుగు."

హీనా అడిగింది.

"మా నలుగురు డ్రైవర్లలో ఎవడో ఒకడి ఫోన్లోనే బేలెన్సుంటాదమ్మా. ఆడే అందరికీ పాసులు తీత్తాడు. ఈ మాట ముందే అడగొచ్చు గదేటి?"

సిగ్గుతో హీనా తల వాలిపోయింది. ఫోన్ ఇచ్చెయ్యబోయి, మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది.

"అన్నా, మరి ఒక్క లారీకే రెండు పాసులు ఎప్పుడొత్తాయి?"

"పాసు రాకుండా నెట్ తిరుగుతా ఉంటే ఊరుకోబుద్దవదు గదా, మళ్లీ బటన్ నొక్కేత్తాం."

మేడమ్ పక్క కుర్చీ దగ్గరికి లాగింది.

"సోమారం పెందలాడే రా. ఇద్దరం కూకుని సరిసేద్దాం."