కుడి ముందు భుజం

నరసింహస్వామి వేటకని ఊరూరా తిరిగే పార్వేట పల్లకీకి కుడి ముందు భుజం ముప్పై ఏళ్లుగా పెద్దయ్యది. తండ్రి నుంచి వచ్చిన హక్కు. పల్లకీ బొంగు ఒరుసుకుని ఆ భుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది. దాన్ని చూసుకుంటే ఆయనకు మహా గర్వం.

చీలమండ పక్కన లేచిన గడ్డే చిక్కు తెచ్చింది. "నంద్యాలకు పోదాం పా" అని భార్య నరసింహమ్మ దసరా నుంచీ పోరింది. పోతే డాక్టరు మొయ్యొద్దంటారని ఈ పెద్దమనిషి గడ్డ మీద గుడ్డ చుట్టుకుని తిరిగాడు. మొండితనానికైనా ఒక హద్దుండాలి! కార్తీకం వెళ్లేసరికి మెట్టు దిగలేకపోయాడు.

నంద్యాల ఆస్పత్రిలో డాక్టర్ లావణ్య స్కానింగు చూసింది.

"కండను ఎముకకు కట్టే తాడు ఒకటుంటుంది పెద్దాయనా. ఈ నీటిగడ్డ మామూలుగా దాని పైన లేస్తుంది. మీకు తాడు పోగుల మధ్యలోనే పెరిగింది. గడ్డ తీసి, చీలిన పోగులు కుట్టాలి. ముందే వచ్చుంటే చిన్న పని. ఇప్పుడు నాలుగు నెలలు బరువు ఎత్తకూడదు. ఎత్తితే తాడు తెగుతుంది."

ఆమె చూపు భుజం మీద పడింది. "ఆ గడ్డ కూడా తీసేద్దామా?"

పెద్దయ్య చప్పున చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "దాని జోలికి రావద్దు తల్లీ. అది స్వామి ఇచ్చింది."

ఆపరేషన్ అయింది. బంకలాంటి నీరు తీసేసి, కుట్లేసి, కట్టు కట్టి పంపారు. ఇంట్లో మంచమెక్కిన పెద్దయ్య రోజూ భుజం తడుముకునేవాడు. కాయ మెత్తబడుతోంది. కాలు మానుతోందని నరసింహమ్మ సంబరపడుతుంటే, ఆయన భుజం కోసం ఏడ్చాడు.

మాఘంలో పల్లకీ ఆళ్లగడ్డలో వాళ్ల వీధికొచ్చింది. పెద్దయ్య కర్ర పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఆయన చోట చిన్నాయన కొడుకు రామకృష్ణ మోస్తున్నాడు. మనిషి పెద్దయ్య కంటే రెండు వేళ్లంత పొట్టి. పల్లకీ ఆ మూలకు ఒరిగింది. తన లోటు స్వామికీ తెలిసిందని పెద్దయ్య సంతోషించాడు. సంతోషించినందుకు సిగ్గుపడ్డాడు.

"అన్నా, పదడుగులు మొయ్యి. వదినకు నేను చెప్పుకుంటాలే," అన్నాడు రామకృష్ణ.

పెద్దయ్య ప్రాణమంతా ఆ బొంగు మీదే ఉంది. ఒక అడుగు ముందుకు వేశాడు. కుట్టిన చోట చురుక్కుమంది. ఈ పదడుగులకు ఆశపడితే ఇక ఎప్పటికీ మోసేది లేదు.

భుజం మీది తువ్వాలు తీసి నాలుగు మడతలు పెట్టాడు. రామకృష్ణ భుజానికీ బొంగుకూ మధ్య దూర్చాడు. పల్లకీ సమానమైంది.

"వచ్చే ఏడు నాకు తిరిగియ్యాల."

"తువ్వాలా అన్నా?"

"తువ్వాలెందుకప్పా. చోటు."

పల్లకీ మలుపు తిరిగేదాకా ఆయన చెయ్యి ఆ ఖాళీ భుజం మీదే ఉంది.