బిస్కోచో దవడ పన్ను

కుడివైపు తోమి ఎడమవైపుకు వచ్చేసరికి బిస్కోచో తల వెనక్కి లాక్కుంది.

"ఏంట్రా వేషాలు? రోజూ ఉండేదే కదా, ఇవాళ కొత్తేముంది?" అంది నెలిదా, ఆ ముసలి కుక్క గడ్డం వదలకుండా.

పదకొండేళ్ళుగా ఇదే వరస. పొద్దున ఏడింటికి, పైసాందు ఊరి చివర నుంచి వచ్చే బస్సు దిగి, యజమాని దోన్ ఎబెర్ ఇంటి వంటగదిలో ఆప్రాన్ కట్టుకుంటే, ఆమె మొదటి పని కుక్క పళ్ళు తోమడం. కోడిమాంసం రుచి ఉండే పేస్టు, మెత్తటి బ్రష్షు, చివర్లో తడిగుడ్డ. చిగుళ్ళ అంచున కాస్త గార కనిపించినా ఆ పూట ఆమెకు అన్నం సహించదు. తన పళ్ళు నాలుగు ఊడిపోతే మాత్రం అంత బెంగ పెట్టుకోలేదు. "కుక్క నోరంటే ఇలా ఉండాలి, ఈమెను చూసి నేర్చుకోండి" అని పశువుల డాక్టరమ్మ ఒకసారి నలుగురిలో అంది. నెలిదాను ఎవరైనా మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఇప్పుడు ఆ ఎడమవైపు పెదవి ఎత్తి చూసింది. పై దవడలో అన్నిటికన్నా పెద్ద పన్ను నిలువుగా చీలి, ఓ పలుకు లేచిపోయి ఉంది. కంటి కింద వాపు. వారంగా ఒకవైపే నములుతోంటే వయసు మీదపడిందిలే అనుకుంది తను.

ఆ పొద్దునే ఇద్దరూ ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ పన్ను చూసి, "గట్టి ఎముకేమైనా కొరికాడా?" అనడిగింది.

"ఎముకా? మా ఇంట్లో ఆ మాటే లేదు డాక్టర్. నెలిదా పడనివ్వదు" అన్నాడు దోన్ ఎబెర్. కిటికీలోంచి బయటికి చూస్తూ, "మరి తనే జాలిపడి ఏమైనా పెట్టిందేమో. పగలంతా వాడి దగ్గరుండేది తనే కదా" అన్నాడు.

"నేనా?" అంది నెలిదా. డాక్టరమ్మ ఆమె వైపు చూసిన చూపులో వెనకటి మెప్పు లేదు.

చీము పట్టింది, పన్ను తీయక తప్పదు, పదమూడేళ్ళవాడు, గుండె బలహీనం, మత్తు తట్టుకోవాలి అని డాక్టరమ్మ చెప్పింది. దోన్ ఎబెర్ సంతకం పెట్టాడు. బిస్కోచో నెలిదా చెయ్యి నాకి లోపలికి వెళ్ళింది.

కుక్క వచ్చాక మెత్తగా పెడదామని, ఆమె దోన్ ఎబెర్‌ను అక్కడే వదిలి ఆయన ఇంటికి వచ్చి గుమ్మడికాయ ఉడకేసింది. నిన్న ఆయన క్లబ్బుకు వేసుకెళ్ళిన కోటు కుర్చీ మీదుంది. దులిపి తగిలించబోతే జేబు దగ్గర నూనె మరక తగిలింది. లోపల కాగితం రుమాల్లో చుట్టిన ఎద్దు పక్కటెముక. నిప్పుల మీద కాల్చినది.

ఆదివారాలు నెలిదాకు సెలవు. క్లబ్బులో భోజనం చేసొచ్చి కుక్కను నది ఒడ్డుకు షికారు తీసుకెళ్ళడానికి ఆయనకెందుకంత హుషారో ఇప్పుడు తెలిసింది. నిన్న మాత్రం నొప్పికి కుక్క ఎముకను ముట్టలేదన్నమాట. అంటే పొద్దున డాక్టరు ముందు ఆయనకు అంతా తెలుసు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వూ ఆయనతో కలిశావు కదరా" అంది, ఎదురుగా లేని కుక్కతో.

నాలుగింటికి దోన్ ఎబెర్ ఒక్కడే వచ్చాడు. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

"మత్తులోనే పోయాడు నెలిదా."

ఆయన దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వేం కుమిలిపోకు. కావాలని పెట్టి ఉండవులే. నేను మనసులో ఏమీ పెట్టుకోను. నిన్ను క్షమించేశాను."

నెలిదా ఆ చేతిని తీసి పక్కన పెట్టింది.

"పొయ్యి మీద గుమ్మడికాయ ఉంది, మాడకుండా దించుకోండి" అంది. ఆప్రాన్ విప్పి మడిచి, దాని మీద ఇంటి తాళంచెవి పెట్టింది.

"రేపు కాస్త ఆలస్యంగా రా, ఫర్వాలేదు" అన్నాడు వెనక నుంచి. వీధి తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది.

దోన్ ఎబెర్ వంటగదిలోకి వెళ్ళి పొయ్యి ఆర్పాడు. బల్ల మీద, రోజూ ఆయన కూర్చునే చోట, తెల్ల పళ్ళెంలో రుమాలు విప్పి ఉంది. అందులో పక్కటెముక, ఒకవైపు మాంసమంతా ఆయన తిన్నది, రెండోవైపు మంచి కండ ముట్టుకోకుండా బిస్కోచో కోసం ఉంచినది.