మూడో పిస్టల్

ఇస్త్రీ రోలరు మింగిన దుప్పటి అవతలి పక్కనుంచి సెగలు కక్కుతూ బయటికొచ్చింది. శేషుకుమారి దాని కొసలు రెండూ పట్టుకుని, ఎదురుగా నిలబడ్డ మార్జ్ వైపు ఓ అడుగు వేసి మడిచి, ఇంకో అడుగు వేసి మళ్ళీ మడిచి, పక్కనున్న తోపుడుబండి మీద పడేసింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది. ఆసుపత్రి దుప్పట్లకు అంతుండదు. మెల్బోర్న్‌లో జబ్బుపడ్డ వాళ్ళందరూ తను మడిచిన వాటి మీదే పడుకుంటున్నారని ఒక్కోసారి అనిపిస్తుంది ఆమెకు.

యాభై దాటిన మనిషి. పొట్టి. వలటోపీ కింద జుట్టు సగం నెరిసింది. మోచేతుల దాకా చిన్న చిన్న కాలిన మచ్చలు, పాతవి తెల్లగా, కొత్తవి నల్లగా. కుడి మణికట్టుకు సాగే పట్టీ. బాపట్లలో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చేసిందని ఈ లాండ్రీలో మార్జ్ ఒక్కదానికే తెలుసు. అది కూడా పెరట్లో ఎండిపోతున్న నిమ్మచెట్టుకు ఏం చెయ్యాలని మార్జ్ అడగబట్టి తెలిసింది.

"ఇవాళేగా?" అంది మార్జ్ చూయింగ్ గమ్ నములుతూ.

"ఇవాళే."

"మీ ఆయన కూడా వస్తున్నాడా?"

"వస్తానన్నారు. నేను వద్దనలేదు."

మార్జ్ ఆమె మొహంలోకి ఓసారి చూసి, తరవాతి దుప్పటి అందుకుంది.

షిఫ్టు అయ్యేసరికి భర్త భానుప్రసాద్ కారు గేటు బయట ఉంది. శుక్రవారాలు అతనికి ఇంటినుంచే పని. ఇల్లున్న పాయింట్ కుక్ నుంచి లాండ్రీ ఉన్న డాండెనాంగ్ దాకా ఊరికి ఈ కొసనుంచి ఆ కొసకు రావలసి వచ్చినందుకు విసుగు అతని మొహంలో ముందే సిద్ధంగా ఉంది. అదే దారిలో రోజూ తెల్లవారకముందే రెండు రైళ్ళు మారి ఆమె వస్తుందన్న సంగతి అతని విసుగులో ఎప్పుడూ లెక్కలోకి రాలేదు.

"ఆ వాసనేమిటే? అద్దం దించు."

బ్లీచింగు వాసన. ఆమె ఊదారంగు స్వెట్టరు విప్పి సీటు వీపుకు తగిలించి, అద్దం దించింది.

"ఊళ్ళో ఆడవాళ్ళు యోగాకి పోతారు, బాలీవుడ్ డాన్సుకి పోతారు. మా ఆవిడ తుపాకులు కొంటుంది. మొన్న విఠల్ వాళ్ళింట్లో బార్బెక్యూ పార్టీలో చెప్తే అందరూ పడీ పడీ నవ్వారు తెలుసా?"

"విన్నానండీ. అక్కడే ఉన్నాను."

"మరి నవ్వలేదేం?"

ఆమె రోడ్డు వైపు చూస్తూ ఊరుకుంది. పాతికేళ్ళుగా ఊరుకుంటూనే ఉంది. భానుప్రసాద్ ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. చెయ్యి చేసుకోకపోవడం తన గొప్పతనమని నలుగురిలో చెప్పుకుంటాడు కూడా. అతని పనంతా నోటితోనే. కూరలో ఉప్పు దగ్గరనుంచి ఆమె ఇంగ్లీషు దాకా, ఆమె నడక దగ్గరనుంచి ఆమె పుట్టింటి దాకా, పొద్దున లేస్తే ఏదో ఒకదాన్ని పట్టుకుని రాత్రి దాకా గీరుతూనే ఉంటాడు. ఎదురు చెబితే గీత ఇంకా లోతుగా దిగుతుంది. కూతురు కిరణ్మయి ఇది చూస్తూ పెరిగి, యూనివర్సిటీ సీటు రాగానే కాన్‌బెరా వెళ్ళిపోయింది. సెలవుల్లో వచ్చినా స్నేహితుల ఇళ్ళలోనే ఉంటుంది. "మమ్, యు కెన్ లీవ్ టూ, యు నో," అంది ఒకసారి ఫోన్లో. శేషుకుమారి అప్పుడు మాట మార్చేసింది.

పిస్టల్ క్లబ్బుకు మొదటిసారి మార్జ్ లాక్కెళ్ళింది, ఆడవాళ్ళకు ఉచితంగా నేర్పే రోజొకటి పెడితే. శేషుకుమారి నవ్వుకుంటూనే వెళ్ళింది. చెవులకు శబ్దం ఆపే మఫ్‌లు పెట్టారు. లోకమంతా ఒక్కసారి నోరు మూసుకుంది. ఒంటి చేత్తో పిస్టల్ ఎత్తి, సగం ఊపిరి వదిలి, మిగతా సగం బిగబట్టి, పిస్టల్ కొసన గురి చూసే చిన్న ఇనుప మొన మీదే చూపు నిలిపి, వేలు వెనక్కి నొక్కింది. దూరంగా తెల్ల కాగితం మీద నల్లటి గుండ్రంలో బెజ్జం పడింది. ఆ బెజ్జం కన్నా ఆమెకు నచ్చింది వేరే. చేతిలో పిస్టల్ ఉన్నంతసేపూ పక్కవాళ్ళు పలకరించకూడదు, భుజం తట్టకూడదు, సలహా చెప్పకూడదు. అది అక్కడి రూలు. ఆమె కోసం అలాంటి రూలు ఎప్పుడూ ఎవరూ పెట్టలేదు.

ఆ తరవాత తరగతులకు వెళ్ళింది, పరీక్ష రాసింది, పోలీసులకు వేలిముద్రలు ఇచ్చింది, లైసెన్సు తెచ్చుకుంది. శనివారాలు ఓవర్‌టైమని ఇంట్లో చెప్పి, క్లబ్బువాళ్ళ పాత పిస్టల్‌తో పోటీలకు వెళ్ళింది. ఓరోజు క్లబ్బు పత్రికలో ఫొటో పడి సంగతి బయటపడింది. నెలరోజులు ఇల్లు దద్దరిల్లింది. ఆ తరవాత భానుప్రసాద్‌కు అది బార్బెక్యూ పార్టీల్లో చెప్పుకోవడానికి పనికొచ్చే హాస్యంగా మారింది. ఇప్పుడు సొంతది కొంటానంటే, "నా సెలక్షన్ లేకుండా కొని తగలబెట్టకు" అని బయలుదేరాడు.

దుకాణం టైర్ల షాపుకూ పెయింట్ల గోదాముకూ మధ్య, కిటికీలకు ఇనుప చువ్వలతో ఉంది. యజమాని కోలిన్ లావాటి మనిషి, చెవుల మీద కూడా వెంట్రుకలు. శేషుకుమారి లైసెన్సు చూసి, గాజు బల్ల మీద రబ్బరు మ్యాట్ పరిచి, మూడు పిస్టళ్ళు తెచ్చి పెట్టాడు. మూడింటిలోనూ గుండ్లు లేవని ఒక్కొక్కటీ తెరిచి చూపించాడు. మూడూ చిన్న గుండ్లు వాడే సెమీ ఆటోమాటిక్‌లే, గురి పోటీలకు పనికొచ్చేవే.

మొదటిది జర్మనీది. చెయ్యి కొలత తీసి చెక్కినట్టున్న చెక్క పిడి. ముట్టుకుంటేనే ఖరీదు తెలుస్తోంది. దాన్ని ఆమె ఒకసారి ఎత్తి, ఆశ తీరేదాకా పట్టుకుని, కింద పెట్టేసింది. రెండోది కొత్తది, అల్యూమినియం, ఎర్ర రంగు, బొమ్మలా తేలిక. మూడోది సెకండ్ హాండ్. అంతా ఉక్కు. మూతి దగ్గర రంగు చెరిగిపోయింది, పిడి మీది గాట్లు ఎవరి చెమటకో అరిగిపోయాయి.

"ఎర్రది తీసుకో," అన్నాడు భానుప్రసాద్. "యూట్యూబ్‌లో రివ్యూలన్నీ చూశాను. లైట్‌వెయిట్. నీ మణికట్టుకి అదే కరెక్టు." కోలిన్ వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నాడు, "ఆ ఎర్రది మాకు ఇవ్వండి."

కోలిన్ ఆమె వైపు చూశాడు. "వాడేది ఎవరు?"

"నేను," అంది శేషుకుమారి. ఎర్రదాన్ని తీసుకుని గోడవైపు చెయ్యి చాపింది. మొన వణికింది. తేలికగా ఉన్నది చేతి వణుకునంతా తీసుకుపోయి మూతికి ఇస్తుంది. ఉక్కుదాన్ని చాపింది. బరువుకు భుజం లాగింది గానీ మొన కుదురుగా నిలబడింది. పైభాగాన్ని వెనక్కి లాగి చూసింది. పట్టీ ఉన్న మణికట్టు కలుక్కుమంది, అయినా లాగగలిగింది.

"మామూలు గుండ్లు పెట్టినా పనిచేస్తాయా? నేను ఖరీదైనవి కొనలేను."

"ఎర్రదానికి పథ్యం ఎక్కువ," అన్నాడు కోలిన్. "మంచివి పెడితే బాగానే ఉంటుంది, చవకవి పెడితే మధ్యలో ఇరుక్కుంటుంది. ఈ ముసలిదానికి ఏది పెట్టినా అరుగుతుంది. స్ప్రింగు మాత్రం కొత్తది వేయించుకో."

"గురి?"

"దేని గురైనా నీ చేతికన్నా నా చేతికన్నా మెరుగే. తప్పితే మనమే తప్పుతాం."

శేషుకుమారి నవ్వింది. ఆ రోజుకు అదే మొదటి నవ్వు. భానుప్రసాద్ అది చూశాడు.

"చెత్త ఏరుకోవడం దీనికి అలవాటు," అన్నాడు ఇంగ్లీషులో, కోలిన్‌కు వినబడేలా. తరవాత తెలుగులో, "ఆ తుప్పు ముక్కని నా ఇంట్లో పెట్టనివ్వను. దాన్ని దాచే సేఫ్ బిగించడానికి నా గోడకి చిల్లు పెడితే చూడు మరి."

ఆమె వినిపించుకోలేదు. "ఇది తీసుకుంటాను," అని కోలిన్‌తో అంది.

పోలీసుల పర్మిట్ వచ్చేదాకా పిస్టల్ తన దగ్గరే ఉంటుందని చెప్పి, కోలిన్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పేరు, లైసెన్సు, క్లబ్బు అడిగాడు. "దీన్ని ఉంచే చోటు? సేఫ్ ఉన్న అడ్రసు?"

శేషుకుమారి క్రాన్‌బర్న్‌లో ఒక వీధి పేరు చెప్పింది. వెనక పెరట్లో విడిగా ఉన్న చిన్న ఇల్లు, యూనిట్ అని చెప్పింది. సేఫ్ అక్కడ బిగించి ఉందని కూడా చెప్పింది.

"మనది పాయింట్ కుక్ కదే. తప్పు చెప్తున్నావు," అన్నాడు భానుప్రసాద్.

"తప్పు కాదండీ. మార్జ్ వాళ్ళ యూనిట్. ఇవాళ్టినుంచి నేను అక్కడ ఉంటాను."

భానుప్రసాద్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. మెడ మీద నరం లేచింది. భార్య వైపు చూడనైనా చూడకుండా బల్ల మీదికి వంగి, మెత్తటి ఆఫీసు గొంతుతో అన్నాడు. "సర్, మీకొక విషయం చెప్పాలి. నా భార్యకు డిప్రెషన్. మందులు వాడుతోంది. కాల్చేస్తానని మొన్న నన్ను బెదిరించింది. ఈమెకు గన్ ఇవ్వడం సేఫ్ కాదు."

ఒక్క మాటా నిజం కాదు. శేషుకుమారి బల్ల అంచు పట్టుకుంది. అరిస్తే అతని మాట నిజమవుతుంది. ఏడ్చినా నిజమవుతుంది. ఊపిరి సగం వదిలి, మిగతా సగం బిగబట్టింది.

కోలిన్ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. లేచి, ఉక్కు పిస్టల్‌ను గుడ్డలో చుట్టి లోపలికి తీసుకెళ్ళి తాళం వేసి వచ్చాడు.

"నిజమో కాదో నాకు తెలియదు," అన్నాడు ఆమెతోనే. "అలాంటి మాట విన్నాక నేను ఇవ్వలేను. పోలీసులకు ఫోను చెయ్యాల్సిందే. వాళ్ళు తేల్చేదాకా నీ లైసెన్సు కూడా ఆపేయొచ్చు. సారీ అమ్మా."

"చెయ్యండి," అంది శేషుకుమారి. "వచ్చి నన్ను అడగమనండి. నేనెక్కడ ఉంటానో మీకు చెప్పాను. ఆయన్ని కూడా అడగమనండి."

బయట ఎండ ఉంది గానీ గాలి కోస్తోంది. భానుప్రసాద్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

"నాటకాలు చాలు. ఎక్కు."

"నేను బస్సులో వెళ్తానండి."

"కట్టుబట్టలతోనా?"

"బట్టలెప్పుడో వెళ్ళిపోయినై. రోజుకో సంచీ. అల్మారా తెరిచి చూస్తే కదా మీకు తెలిసేది."

అతను దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, ఒక్కొక్క మాటా రుచి చూస్తున్నట్టు అన్నాడు. "ఆ పిస్టల్ నీకు జన్మలో రాదు శేషూ. క్లబ్బు గడప కూడా తొక్కలేవు. నేను చెప్పింది అబద్ధమని నీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్ళకి తెలీదుగా."

ఆమె తలెత్తి అతని కళ్ళలోకి చూసింది. రెప్ప వాల్చకుండా అంతసేపు అతన్ని చూసి ఎన్నేళ్ళయిందో.

"మీకు తెలుసుగా. నాకు అది చాలు."

బస్టాపు రోడ్డుకు అవతల ఉంది. లారీలు పోయేదాకా ఆగి దాటింది. వెనకనుంచి పేరు పెట్టి ఒకసారి పిలుపు వినిపించింది, తరవాత ఒక బూతు మాట, తరవాత కారు తలుపు ధడాలున వేసిన చప్పుడు. ఆమె బెంచీ మీద కూర్చుంది. పిస్టల్ పోయింది. శనివారాలు కూడా పోయినట్టే, కొన్నాళ్ళో, ఎన్నాళ్ళో. దుఃఖం వచ్చింది, వచ్చి కాసేపు పక్కన కూర్చుని, తనంతట తనే వెళ్ళిపోయింది. ఫోను తీసి కిరణ్మయికి మెసేజ్ పెట్టింది. "బయటికి వచ్చేశాను" అని తెలుగులోనే. వెంటనే ఒక ఎర్ర గుండె బొమ్మ, దాని కింద "ప్రౌడ్ ఆఫ్ యు మమ్" అని వచ్చాయి.

అప్పుడు చలి తెలిసింది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఎదుట సిగ్నల్ దగ్గర భానుప్రసాద్ కారు ఆగింది. అతను ఇటు తిరగలేదు. ఆకుపచ్చ లైటు పడగానే కారు కదిలి ఆమె ముందునుంచే వెళ్ళిపోయింది. ముందు సీటు వీపున ఆమె ఊదారంగు స్వెట్టరు వేలాడుతోంది, దాని ఒక చెయ్యి తలుపు సందులో పడి, బయట గాలికి కొట్టుకుంటూ.