కత్తెర మరిచిన కవాటం

నేను ఒక తలుపునని చాలాకాలం అనుకున్నాను. కానీ తలుపుకి గడప అవతల ఏముందో తెలుస్తుంది, నాకు అదీ తెలియదు. వచ్చిన రక్తానికి దారి ఇవ్వడం, పోయినదాన్ని వెనక్కి రానివ్వకపోవడం, ఇంతే నా పని. అలాంటి నన్ను, పోయినవాళ్ళని వదలలేని మనిషి గుండెలో పెట్టడం ఎవరి వేళాకోళమో!

పుస్తకాల్లో నన్ను బృహద్ధమని కవాటం అంటారు. ఆస్పత్రిలో వాల్వు అనేసి ఊరుకుంటారు. పల్చటి మూడు రేకులదాన్ని. నాణెంలాగా చేతులు మారిన చరిత్ర నాకు లేదు. నా యజమాని ఒక్కతే, చిలకలూరిపేటలో బొంతలు కుట్టే నూర్‌బాషా సైదమ్మ. ఆవిడ తల్లి కడుపులో ఆవిడతో పాటే తయారయ్యాను. కళ్ళు లేవు. ఆవిడ మనసు రక్తం ఉరవడిని బట్టీ, బయటి లోకం మాటల అదురుని బట్టీ తెలుసుకుంటాను.

నా రేకుల్లో కణాలు కాపురం ఉంటాయి. వాటిది గుట్టు సంసారం. ప్రతి కణమూ తనలో అరిగిపోయిన ముక్కల్ని ఓ చిన్న సంచిలో చుట్టి, తుంచి, పనికొచ్చేదాన్ని మళ్ళీ వాడుకుంటుంది. తనని తానే కాస్త తిని తనని తానే నిలబెట్టుకుంటుంది. సైదమ్మ పగలంతా చేసేదీ ఇంచుమించు అదే. ఇరుగుపొరుగు తెచ్చిచ్చిన పాత చీరల్లో చినిగిన మేర కోసేసి, మెత్తటి గుడ్డ పొరలుగా పరిచి కుట్టేది. ఎదురుగా చెల్లెలు హుస్సేనమ్మ. ఇద్దరూ బొంతకి చెరో కొస నుంచి మొదలుపెట్టి నడిమధ్యన కలుసుకునేవారు.

"నీ కుట్లు కోడి నడిచినట్టుంటాయే అక్కా!"

"నీవి చీమల బారు. బొంత అయ్యేలోపు చలికాలం వెళ్ళిపోద్ది."

ఆ నవ్వులకి నా మూడు రేకులూ హాయిగా విచ్చుకునేవి.

హుస్సేనమ్మ జ్వరమొచ్చి పోయింది. ఆవిడ చీరల మూట సైదమ్మ మంచం కిందికి చేరింది. ఆ తర్వాత కూడా ఊళ్ళోవాళ్ళ చీరలెన్నో కోసింది గానీ, ఆ మూట ముడి మాత్రం సైదమ్మ విప్పలేదు. అప్పుడప్పుడూ వంగి చేత్తో తడిమేది. తడిమినప్పుడల్లా రక్తం నా దగ్గర కాస్త తడబడేది.

నా కణాలు మందగించిందీ ఆ రోజుల్లోనే. రెండింటికీ ముడిపెట్టను. ఆవిడకి వయసు మీద పడింది, రక్తపోటు ఉంది. కారణమేదైనా కణాలు తమ కత్తెర పక్కన పెట్టాయి. లోపల చెత్త పేరుకుంది. కొన్ని తాము ఎవరో మరిచిపోయి, ఎముక కణాల్లా సున్నం పోగేసుకున్నాయి. నేను బిరుసెక్కాను. మిగిలిన సన్నటి సందులోంచి రక్తం ఈల వేసుకుంటూ పోయేది. ఒకరోజు నీళ్ళ బిందె ఎత్తబోయి సైదమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. హుస్సేనమ్మ కూతురు మౌలాబీ నిండు కడుపుతోనే ఆవిణ్ణి గుంటూరు తీసుకెళ్ళింది.

"వాల్వుకి సున్నం పట్టిందమ్మా," అంది డాక్టరమ్మ.

"సున్నమా? అయితే ఇయ్యాల్టి నుంచి కిళ్ళీ మానేస్తా."

మౌలాబీ నవ్వాపుకోలేకపోయింది. డాక్టరమ్మ మాత్రం నవ్వకుండా, ఆవిడ చేసే పనేమిటో అడిగి, కణాల సంగతి బొంత కుట్టడంతో పోల్చి చెప్పింది. సైదమ్మ శ్రద్ధగా విని, "రంజాను నెలంతా ఒక్కపొద్దులుంటాను కదమ్మా. ఉపవాసముంటే లోపలి చెత్త పోద్దని మా వీధిలో ఫోన్లో చూపిచ్చారు. పోదా?" అంది.

"దాని మీద ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయమ్మా. కణాల కత్తెర ఆగిపోతే సున్నం పడుతున్నట్టుంది. మరీ ఎక్కువ ఆడితే కణమే చచ్చిపోతోంది. దాన్ని సరిచేసే మందు ఇంకా రాలేదు. మీ వాల్వు రాయైపోయింది. తీసేసి కొత్తది పెట్టాలి. లేకపోతే బతకడం కష్టం."

"పుట్టిన కాణ్ణించీ నాతో ఉన్నదాన్ని కోసి పారేస్తారా? నేనొప్పుకోను."

జీవితంలో మొదటిసారి నా తరఫున ఒకరు మాట్లాడారు. ఆ మాటకి పొంగిపోయాను, వెంటనే కుంగిపోయాను. ఆవిడ నన్ను కాపాడుతోంది, నేను ఆవిణ్ణి చంపుతున్నాను. ఈ సంగతి ఆవిడతో చెప్పడానికి నాకున్న భాష ఒక్క ఆయాసమే.

ఇంటికి వచ్చేశారు. మౌలాబీ రోజూ పోరింది. ఒక మధ్యాహ్నం ఆ పిల్లకి ఓపిక పోయింది.

"పుట్టేదానికి అమ్మ చీరలతో బొంత కుడతానన్నావు పెద్దమ్మా."

"కుడతాలేవే."

"ఎప్పుడు? ఆపరేషనుకి ఒప్పుకోవు, మూట విప్పవు. అందులో చీరలు చీకిపోతాయి, ఇక్కడ నువ్వు. రెండు మూటలు నేనెక్కడ మొయ్యను?"

మౌలాబీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. సైదమ్మ మంచం కిందికి వంగింది. నాకు ప్రాణం మీదికి వచ్చింది, అయినా ఉన్న సందులోంచే శక్తికొద్దీ రక్తాన్ని వదిలాను. ముడి విప్పి పై చీర ఎత్తింది. అది మడత వెంట దానంతటదే చప్పుడు లేకుండా విడిపోయింది. ఎవరూ కోయలేదు, ఎవరూ కట్టుకోలేదు, అయినా పోయింది. సైదమ్మ దాన్ని ముఖానికి ఆనించుకుంది. ఏడుపు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఇది ఆ ఏడుపు కాదు, ఇది వదులుకావడం. వేళ్ళు గుడ్డంతా తడిమాయి. మడత పక్కన గట్టి మేర ఇంకా చాలా ఉంది.

"మౌలాబీ, సూదిలో దారం ఎక్కియ్యవే. కంటికి ఆనట్లా."

"ఎందుకు?"

"నీ మొహానికి! పసిదానికి పక్కొద్దూ? ఆ కొస నుంచి నువ్వు కుట్టు, ఈ కొస నుంచి నేను. గుంటూరు నించి లేచొచ్చేసరికి నడిమికి రావాల. చీమల బారు వేశావో, చూడు మరి."

వంటింట్లో గిన్నె ఒకటి కింద పడింది.

ఆ మాట నా మీద తీర్పు కూడానని నాకు తెలుసు. బెంగ లేదు. నాలో ఒక్క మెత్తటి మేరైనా మిగిలుంటే ఆ బొంతలో పొరగా వెయ్యమని అడిగేదాన్ని. ఆవిడ ఊపిరి బిగబట్టింది. నేనూ రేకులు మూసుకుని ఒక్క క్షణం ఆగాను.

సైదమ్మ కత్తెర తెరిచి, చెల్లెలి చీర అంచున పెట్టి, కోసింది.