మంచినీళ్ళ తనిఖీ

పరాయి దేశం నుంచి కాపురానికొచ్చిన ఆమె పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంది. మొగుడితో నిజంగానే కలిసి ఉంటోందా, లేక ఉత్త కాగితం పెళ్ళా అని తేల్చుకోవడానికి అధికారిణి ఇంటికొచ్చింది. పడగ్గది, బట్టల బీరువా చూసి, భార్యాభర్తలకెదురుగా సోఫాలో కూర్చుని మంచినీళ్ళడిగింది.

ఆమె అలవాటుగా లేచింది.

"మీరు కూర్చోండమ్మా. సార్ తెస్తారు."

ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. ఒక అల్మరా తలుపు చప్పుడైంది. కాసేపటికి ఇంకొకటి. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మహానుభావుడు గ్లాసుడు నీళ్ళు తనంతట తాను తెచ్చుకున్న పాపాన పోలేదు.

అధికారిణి తల అటు తిప్పి వింటోంది. మూడో తలుపు.

"ఏమోయ్, మనింట్లో గ్లాసులెక్కడుంటాయి?"

అధికారిణి పెన్ను మూత తీసి, మెల్లిగా అడిగింది.

"ఈయన ఉండేది ఎక్కడమ్మా?"