పసుపు గుడ్డ మూట

బడి తెరవడానికి ఇక ఒక్క రోజే ఉంది. మండలాఫీసులో ఇచ్చిన పుస్తకాల కట్టలన్నీ ఆటోలో వేసుకుని నీరజ బడికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. వరండా గోడలకి కొట్టిన సున్నం ఇంకా ఆరలేదు. విద్యా వలంటీరు ప్రేమదాసు బల్లెక్కి నల్లబోర్డుకి రంగు వేస్తున్నాడు. సగం రంగు బోర్డుకీ, సగం అతని చొక్కాకీ అంటింది.

"లెక్కల పుస్తకాలొచ్చాయా మేడం?" అన్నాడు పైనుంచే.

"రాలేదు. వచ్చే వారమట. తెలుగు వాచకాలు మాత్రం ఇచ్చారు."

"అయితే వారం రోజులు లెక్కలకి సెలవన్నమాట. ఈ మాట పిల్లలకి చెప్పానంటే నన్ను భుజాల మీదెక్కించుకుని ఊరేగిస్తారు."

నీరజ నవ్వుతూ కట్టలు లోపల పెట్టించి, వంటగది తలుపు తీసి ఉండటం చూసి అటు వెళ్ళింది. బడికి ఆవిడే హెడ్‌మిస్ట్రెస్, ఆవిడే టీచరు. సున్నం దగ్గర్నుంచి చాక్‌పీసుల దాకా ఏది లేకపోయినా ఆవిడే జవాబు చెప్పాలి. నిరుడు బడి తెరిచిన రోజున మధ్యాహ్న భోజనంలో తెల్లపురుగు తేలిందని ఊళ్ళో ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకొచ్చి ఆవిడ బల్ల మీద పెట్టారు. "మీ పిల్లలకైతే పెడతారా అమ్మా ఈ అన్నం?" అని ఒకావిడ అడిగింది. ఆ మాట ఏడాదిపాటు నీరజ చెవిలో ఉండిపోయింది.

అందుకే ఈసారి రేషను డీలరు దగ్గర్నుంచి బియ్యం రాగానే పురుగు పట్టకుండా ఏం చెయ్యాలని భర్త రాజ్‌కిరణ్‌ని అడిగింది. జగ్గయ్యపేటలో వాళ్ళది మూడు తరాల బియ్యం కొట్టు. గోడౌనులో పురుగు పట్టకుండా ప్రతి బస్తాలోనూ ఒక మందు బిళ్ళ పెడతారు. బిళ్ళని చిన్న గుడ్డమూటలో కట్టి, మూటకి పురికొస కట్టి, ఆ కొస బస్తా మూతి బయటికి వేలాడేలా కుట్టేస్తారు. కొస కనబడుతుంటే ఆ బస్తా ముట్టుకోకూడదని కొట్లో హమాలీ దగ్గర్నుంచి గుమాస్తా దాకా అందరికీ తెలుసు.

మామగారు కనకయ్య మాత్రం నిన్న సాయంత్రం వద్దన్నాడు. "కొట్లో బియ్యం వేరు, బళ్ళో బియ్యం వేరమ్మా. ఆ బిళ్ళ గాలి తగిలితే పొగలాంటిది వదుల్తుంది. కంటికి కనపడదు. మా నాయన కాలంలో ఒక హమాలీ తెలీక తలుపులేసిన గోడౌన్లో కునుకు తీశాడు. మళ్ళీ లేవలేదు."

"వారం దాకా ఆ బస్తాలు ముట్టుకోం నాన్నా. కొసలు బయటికి కనపడుతూనే ఉంటాయి. వాడుకోడానికి గోడవార బస్తా ఒకటి మందు లేకుండా ఉంచుతున్నాంగా," అని రాజ్‌కిరణ్ సర్ది చెప్పి, తనే వచ్చి మూటలు పెట్టి, బస్తాలు కుట్టి వెళ్ళాడు.

గోడవార బస్తా సంగతి వంటమనిషి బసవమ్మకి చెప్పాలి. పొద్దున్నే చెబుదామనుకుంది నీరజ. పొద్దున్నే మండలాఫీసు నుంచి పుస్తకాలు తీసుకెళ్ళమని కబురొస్తే అటు పరిగెత్తింది.

ఇప్పుడు వంటగదిలో గోడవార బస్తా వేసిన కుట్టు వేసినట్టే ఉంది. గుమ్మం పక్క బస్తా మూతి విప్పి ఉంది. కిందపరిచిన పట్టా మీద చెరిగిన బియ్యం కుప్పగా పోసి ఉన్నాయి. నీరజ బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపింది. పట్టా మీద బియ్యం అటూ ఇటూ నెట్టింది. చేట కింద చూసింది, పొయ్యి వెనక చూసింది. మూట లేదు. కత్తిపీటతో కోసిన పురికొస ముక్క మాత్రం గడప దగ్గర పడి ఉంది.

"ప్రేమదాసూ! బసవమ్మేది?"

అతను చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "తెల్లారగట్లే వచ్చి రేపటికి బియ్యం చెరిగిపెట్టి పోయింది మేడం. నందిగామలో కూతురు తిరపతమ్మ కనిందిగా, మనవడు. అక్కడికెళ్ళింది."

"ఈ బస్తాలో చిన్న మూట ఉండాలి. పసుపు గుడ్డ మూట. చూశావా?"

"చూడకపోవడమేంటి, నాక్కూడా చూపించింది. మీ అత్తగారు పంపిన అక్షింతలంటగా. కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది. మనవడి ఉయ్యాలకి కడతానంది."

నీరజ గడప దగ్గరి పురికొస ముక్క చేతిలోకి తీసుకుంది. ఆవిడ అత్తగారు వాసవాంబకి ఏదీ పారెయ్యడం చేతకాదు. అమ్మవారి పూజల్లో మిగిలిన పసుపు గుడ్డలన్నీ దాచి, తీరుబడిగా కూర్చుని మూటలు కుడుతుంది. వాటిలో కొన్ని కొట్లో మందు బిళ్ళలకి పోతాయి, కొన్నిట్లో అక్షింతలు పోసి తెలిసినవాళ్ళకి పంచుతుంది. నిరుడు సంక్రాంతి ముందు బళ్ళో వంట మొదలైనప్పుడు బసవమ్మ చేతిలో పెట్టింది కూడా అలాంటి మూటే. అదే గుడ్డ, అదే కుట్టు. మళ్ళీ బియ్యంలో కనపడితే బసవమ్మ మాత్రం ఇంకేమనుకుంటుంది?

రోడ్డు మీద కిరాణా కొట్లో కాయిన్ బాక్సు ఫోను ఉంది. రాజ్‌కిరణ్ సెల్లుకి ఫోను చేస్తే రెండోసారికి గానీ అంకెలు సరిగ్గా పడలేదు.

"ఏవండీ, మూట బసవమ్మ తీసుకెళ్ళింది. బాలింత గదిలో ఉయ్యాలకి కడుతుందట."

"గదికి కిటికీలున్నాయా?"

"బాలింతకి గాలి తగలనిస్తారా ఎవరైనా? అన్నీ మూసేస్తారు."

"నీళ్ళు తగలకుండా చూడు. తడి తగిలితే ఒక్కసారే వదిలేస్తుంది."

"పసుపు నీళ్ళు చల్లకుండా ఎవరు కడతారండీ!"

"నువ్వు బయల్దేరు. నేను బండి మీద వెనకాలే వస్తున్నా. నీరజా, విను. మందని మాత్రం ఎవరితోనూ అనకు."

నందిగామ కోర్టు వెనక బజారులో పచ్చ తలుపుల ఇల్లని ప్రేమదాసు చెప్పాడు. హైవే మీద ఎక్స్‌ప్రెస్సులు ఆగకుండా పోయాయి. చివరికి ఒక పల్లెవెలుగు ఆగింది. ప్రతి స్టేజీలోనూ ఆగుతోంది, ఆగినచోటల్లా విత్తనాల సంచులు ఎక్కుతున్నాయి. "కొంచెం తొందరగా పోనివ్వండి" అంటే, "తొందరుంటే కారులో రావాల్సిందమ్మా" అన్నాడు కండక్టరు. పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో పసిపిల్ల నిద్రపోతోంది. నీరజ ఆ పిల్ల డొక్క కేసే చూస్తూ కూర్చుంది. డొక్క లేచి పడుతోంది. మళ్ళీ లేచేదాకా తన ఊపిరి బిగబట్టుకుంటోంది. తెల్లారగట్ల బియ్యం చెరిగి బస్సెక్కితే బసవమ్మ ఎనిమిదింటికల్లా అక్కడుంటుంది. స్నానం చేయించి, సాంబ్రాణి వేసి, మూట కట్టి, తలుపు దగ్గరికేసి ఉంటుంది. కనకయ్య చెప్పిన హమాలీ ఎంతసేపు పడుకున్నాడో ఎన్నడూ అడగలేదే అనుకుంది. అడిగి ఉంటే బాగుండేది. అడగకపోవడమే మంచిదైందేమో.

పచ్చ తలుపులు వేసి ఉన్నాయి. గడప కింది సందులో పాత చీర ముక్క కుక్కి ఉంది. బయట పంచలో బసవమ్మ పొయ్యి ముందు కూర్చుని వెల్లుల్లి వేయిస్తోంది. నీరజని చూసి గబుక్కున లేచి కొంగు సర్దుకుంది.

"అమ్మగారూ! మీరే వచ్చారా! మా ఇంటికి..." అని, ఆవిడ ముఖం చూసి ఆగింది. "ఏంటమ్మా, ఏమైంది?"

"బాబేడి?"

"లోపలున్నాడు. ఇవాళ బుద్ధిగా పడుకున్నాడు, పాలకి కూడా లేవట్లేదు. అమ్మాయికే కాస్త తల తిప్పుతోందంట, రెండుసార్లు కక్కింది. దిష్టి తగిలిందని తీసేసా..."

నీరజ చీరముక్క కాలితో తన్ని తలుపు తోసింది. సాంబ్రాణి పొగ, వేడి, వాటి వెనక వెల్లుల్లి వాసన. గోడౌను తెరిచినప్పుడు వచ్చేది కూడా ఇలాంటి వాసనే. బాలింత ఇంట్లో వెల్లుల్లి వాసన వస్తే అనుమానించేదెవరు?

తిరపతమ్మ మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. నీరజ ఉయ్యాల తాడుకి కట్టిన మూటని గుంజి తెంపింది. మూట తడిగా తగిలింది. పరిగెత్తుకెళ్ళి దాన్ని ఇసకలో దూరంగా విసిరి, తిరిగొచ్చి బాబుని ఎత్తుకుంది. తల ఆవిడ మోచేతి మీదుగా వాలిపోయింది.

"పురుడెళ్ళకుండా బయటికి తీసుకురాకూడదమ్మగారూ!" బసవమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "పదకొండోరోజు కాలేదు! వద్దు, ఇలా ఇవ్వండి!"

"తప్పుకో బసవమ్మా! నీ కూతుర్ని కూడా తీసుకురా, తొందరగా!"

అంత గట్టిగా ఆవిడ బళ్ళో కూడా ఎప్పుడూ అరవలేదు. బసవమ్మ తప్పుకుంది. చెట్టు కింద నీడలో నీరజ కూలబడి, పిల్లాడి అరికాలి మీద చిటికేసింది. ఏమీ లేదు. మళ్ళీ కొట్టింది, గట్టిగా. ఎదురింటివాళ్ళు గోడమీంచి చూస్తున్నారు. మూడోసారి కొట్టినప్పుడు పిల్లాడి మూతి వంకరపోయింది. ఏడుపు రాలేదు గానీ, సన్నగా ఒక మూలుగు వచ్చింది.

"ఆటో! ఎవరైనా ఆటో పిలవండి!"

ప్రభుత్వాసుపత్రిలో డాక్టరమ్మ తల్లిని మంచమెక్కించి, బిడ్డని బల్ల మీద పడుకోబెట్టింది. "గది మూసి ఉంచారా ఈ ఎండల్లో? బాలింత గది కాదమ్మా అది, ఆవిరి కుండ. ఎండదెబ్బ," అని నర్సుకి సెలైను చెప్పింది. సరిగ్గా అప్పుడే చెమటలు కారుతూ రాజ్‌కిరణ్ వచ్చి, నీరజని వరండాలోకి పిలిచాడు.

"ఎండదెబ్బనుకుంటోందిగా? అలాగే పోనీ."

"పోనీ ఏంటండీ!"

"ఆవిడ వైద్యం ఎలాగూ చేస్తోంది. మందని చెబితే పోలీసు కేసవుతుంది. మన లైసెన్సు పోతుంది. గవర్నమెంటు బియ్యంలో మందు పెట్టించిన టీచరని నీ ఉద్యోగం పోతుంది. రేపు బడి తెరవాలి నువ్వు. వాడు బానే కదులుతున్నాడు, చూశా."

నీరజ తలుపులోంచి చూసింది. బసవమ్మ కూతురి నెత్తి నిమురుతోంది. నీరజతో కళ్ళు కలవగానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. దేవతలా వచ్చి కాపాడిందన్నట్టు. చెప్పకపోతే ఈ దణ్ణం జన్మంతా మోయాలి. చెబితే... పెనిమిటి ముఖం, మామగారి ముఖం, పళ్ళేలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళ ముఖాలు వరసగా కనిపించాయి. బిడ్డ డొక్క కేసి చూసింది. బస్సులో చూసిన పిల్ల డొక్కలా లేదు. గబగబా, పైపైన కొట్టుకుంటోంది.

"డాక్టరుగారూ," అంది లోపలికెళ్ళి. "ఎండదెబ్బ కాదండి. బియ్యం బస్తాల్లో పెట్టే పురుగుమందు బిళ్ళ. పొద్దుటి నుంచీ ఆ గదిలో ఉంది. తడి కూడా తగిలింది."

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. "ఎవరు పెట్టారు?"

"నేనే. మా బడి బియ్యంలో పెట్టించా. ఈవిడికి తెలీదు."

ఆ తర్వాత గదిలో అందరూ ఒక్కసారే కదిలారు. ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకుంటూ వచ్చారు. విజయవాడ పెద్దాసుపత్రికి ఫోను చేశారు. చెప్పి మంచిపని చేశారనో, ఇలాంటి పని చేసినందుకు బుద్ధి లేదనో డాక్టరమ్మ ఏమీ అనలేదు. అనడానికి తీరిక లేదు. రాజ్‌కిరణ్ గోడకానుకుని నేల కేసి చూస్తూ నిలబడిపోయాడు. నీరజ అతని చేతిలో సెల్లు తీసుకుని, ఊళ్ళో కిరాణా కొట్టుకి ఫోను చేసి ప్రేమదాసుని పిలిపించింది. బస్తాలన్నీ ఆరుబయట వేయించమంది. రేపు పొయ్యి వెలిగించొద్దు, పిల్లల్ని ఇంటి దగ్గర్నుంచి క్యారేజీలు తెచ్చుకోమని దండోరా వేయించమంది.

"ఎందుకని అడిగితే ఏం చెప్పమంటారు మేడం?"

"జరిగింది చెప్పు. నేనే పెట్టించానని చెప్పు."

పొద్దు వాటారేసరికి బిడ్డ గొంతు విప్పి ఏడ్చాడు. విజయవాడ పంపక్కర్లేదు, రెండు రోజులు ఇక్కడే చూస్తామంది డాక్టరమ్మ. తిరపతమ్మ కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. బెంచీ మీద నీరజ వచ్చి కూర్చుంటే, బసవమ్మ కాస్త జరిగి ఎడంగా కూర్చుంది. గోడకేసి చూస్తూ అంది.

"నేను తియ్యకపోతే, అది రేపు అన్నంలో ఉడికేదా?"

"లేదు, ఆ బస్తా వారం దాకా..." నీరజ ఆగిపోయింది. ఎవరికీ చెప్పని వారం అది. "ఉడికేదేమో బసవమ్మా."

బసవమ్మ తల ఊపింది. నీరజకి మధ్యాహ్నం నుంచీ ఉన్న భయం అంతా ఒక ఎత్తు, ఆ తల ఊపు ఒక ఎత్తు అనిపించింది. తిడితే బాగుండుననిపించింది. ఊళ్ళోకి కబురు వెళ్ళే ఉంటుంది. రేపు పొద్దున బడి గేటు దగ్గర ఎవరెవరు నిలబడి ఉంటారో, ఏమంటారో.

లోపల్నుంచి నర్సు కేకేసింది. "బాలింతని లేపి కూర్చోబెట్టాలి, బిడ్డకి పాలు పట్టాలి. ఇద్దరు ఆడవాళ్ళు రండి!"

బసవమ్మ లేచింది. అటూ ఇటూ చూసింది. వరండాలో ఇంకో ఆడమనిషి లేదు.

"రండి," అంది. అమ్మగారూ అనలేదు.

నీరజ గోడ పట్టుకుని లేచి, ఆమె వెనకాలే లోపలికి నడిచింది.