అక్షరం పెద్దదిగా ఉండే పుస్తకం

లావు పుస్తకంలో దుగరాజపట్నం ఎదుట ఇసుక మేటల సంగతి ఉంది, సన్నదాంట్లో లేదు, కానీ సన్నదాంట్లో అక్షరం పెద్దది, ఈయన చెప్పింది అదే, రెజీనా, తీరం దారి చెప్పే పుస్తకం ఏది తీసకపోవాల్నో నువ్వే ఏరిపెట్టు, అక్షరం పెద్దదిగా ఉండేది చూడు అని, ముప్పై ఏళ్లు ఓడల్లో ఆఫీసరుగా తిరిగిన మనిషి అక్షరం సైజు చూసి ఎంచమనడమేమిటని నాకప్పుడు తోచలేదు, నన్ను అడిగారని మురిసిపోయాను, ఇప్పుడు చపాతీలు కాగితంలో చుడుతూ రెండూ సంచిలో పెట్టేద్దామా అనుకుంటున్నాను, పెడితే బరువు, చిన్న తెరచాప పడవ, ఈయనా టైటస్ ఇద్దరే, కృష్ణపట్నంలో ఎక్కి ఒడ్డు వెంబడే మద్రాసు దాకా, రెండు రోజులు, టైటస్ ఇంజన్లు బాగుచేసే మనిషి, పటం చూడటం రాదు, అన్న ఉండగా నాకేం భయం వదినా అంటాడు, ఫోన్లో అన్నీ వస్తాయి గదా అని నేనంటే ఈయన నవ్వి, ఫోన్ తడిస్తే రాయి, పుస్తకం తడిస్తే ఆరేసుకోవచ్చు అన్నారు, ఆల్మనాక్‌లో మాత్రం ఏరే పని లేదు, ఈ ఏటిదే కావాలి, ఏ రోజు ఏ గంటకు సముద్రం పోటెక్కుతుందో అందులోనే ఉంటుంది, నిరుటిది పొట్లాలకు తప్ప పనికిరాదు, నీళ్లు వెనక్కి తీసిన వేళ ఏరు సముద్రంలో కలిసే మొగలోకి వస్తే పడవ ఇసుకలో దిగబడుతుందని, అల పక్కనుంచి కొట్టి తిరగేస్తుందని చెప్పింది కూడా ఈయనే, అయినా నిరుటిదానితో సహా అన్నిటికీ నేను ఖాకీ అట్టలేశాను, పిల్లల బడి పుస్తకాలకు వేసినట్టు, పేరు చీటీ అంటించాను, ఏ ఏటిదో మాత్రం రాయలేదు.

ఈయన స్నానం చేసి వచ్చి, ఇయ్యాల పోటు చూద్దాం, ఇటియ్యి అంటే చేతికందింది ఇచ్చాను, చేయి బారచాపి పట్టుకున్నారు, వేలు పెట్టారు, తొమ్మిదీ పది, మంచి టైము అన్నారు, నిజమే, నిన్న సాయంత్రం నేను చదివి వినిపించింది తొమ్మిదీ పదే, కానీ పేజీ నెత్తిన ఉన్నది నిరుటి సంవత్సరం, అంత లావు అంకెలు, ఆయన వేలి కింద ఉన్నది మూడూ నలభై.

నాకు చేతిలో చపాతీ ఉందన్న సంగతి కూడా తెలియలేదు, తొమ్మిదీ పది, తొమ్మిదీ పది, క్రిస్మస్ నుంచి ఇంటి ప్రార్థనలో వాక్యం నువ్వే చదువు రెజీనా, నీ గొంతు బాగుంటుంది, కరెంటు బిల్లు ఎంతొచ్చిందో చూడు, నా చేతులు తడి, ఆ చేతులు పొడిగానే ఉన్నాయి, షుగరు డాక్టరు రాసిచ్చిన చీటీలో ఏముందంటే ఏం లేదు, అద్దాలు మార్చాలంట అని జేబులో పెట్టేసుకున్నారు, మరి మాత్రల డబ్బాల మీద స్కెచ్ పెన్నుతో ఇంతింత అక్షరాలు పొద్దున, రాత్రి అని రాసిందెవరు, నేనే, ఎవరి కోసం రాశాను, ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

బయట బండి హారన్, టైటస్ గుమ్మంలోకి వచ్చేశాడు, ఏంది వదినా, అన్న ఇంకా రెడీ కాలా, పోటు మన కోసం ఆగదు గదా, ఈయన కుర్చీలో కూర్చునే చెప్పుల కోసం కాలితో తడుముతూ, నేనెప్పుడో రెడీరా, మీ వదినే ఇంకా సర్దలా, చర్చి బల్లలు కూడా ఎక్కిచ్చేటట్టుంది పడవలోకి, టైటస్ నవ్వాడు, వీడికి ఇద్దరు ఆడపిల్లలు, చిన్నది నిన్న నా దగ్గరే అన్నం తిన్నది, వీడి ముందు ఎలా చెప్పను, ఈయన తల వంచుకుంటే నేను చూడగలనా, ముందు వీణ్ణి ఏదో వంకన పంపేసి, పంపితే ఈయనా వాడితోనే పోతారు, గడియారం ఎనిమిదీ పది, రెజీనా, రేపటిది కూడా ఒక తూరి చదువబ్బా, టైటస్ గూడా వింటాడు, ఆ గొంతులో ఆజ్ఞ లేదు, కాస్త బతిమాలడం ఉంది, రోజూ ఉండేదేమో, ఈ ఏటి పుస్తకం తీశాను, రేపటి వరస మీద నా వేలు దానంతటదే ఆగింది, అంకె నాలుక మీదికి వచ్చింది, చదివితే ఆయన లేచి పోతారు, ఎల్లుండిది కూడా చదివించుకుని, అన్నీ మనసులో పెట్టుకుని పోతారు, దుగరాజపట్నం ఎదుట గాలి మారితే, మనసులో లేని గంట ఒకటి కావలసివస్తే, అక్కడ చదవడానికి నేనుండను, ఇన్ని నెలలూ నేను చదివిన ప్రతి ముక్కా ఆయన్ని కొంచెం కొంచెంగా ఆ పడవ దాకా నడిపించింది, ఇక్కణ్ణుంచి ఒక్క అడుగు కూడా నేను నడిపించను, పుస్తకం తెరిచి ఆయన ఒళ్ళో పెట్టాను, టైటస్ చూస్తుండగానే, మీరే చదవండి అన్నాను.